పక్క సీటులో మెకానిక్

ఆసుపత్రి మేడ కంటికి ఆనుతుండగా వెనక ఏదో ఫట్‌మంది. హెలికాప్టర్ ముక్కు పక్కకు తిరిగింది.

పైలట్ కుడి పెడల్ తొక్కాడు. ఎడమది తొక్కాడు. రెండూ ఊరికే ఆడుతున్నాయి. ఉద్యోగంలో చేరి వారమైనా కాలేదు, ఏం చేయాలో పాలుపోలేదు.

“తోక ఫ్యాను పోయింది. వేగం తగ్గించకండి, వేగముంటేనే తిన్నగా పోతుంది,” అన్నాడు పక్క సీట్లో పెద్దాయన.

బయల్దేరేముందు మెకానిక్ యూనిఫాంలో వచ్చి ఎక్కాడాయన. కంపెనీయే పంపిందనుకున్నాడు పైలట్.

“రెండు నిమిషాల్లో మేడ మీద దింపేస్తానండీ.”

“అక్కడ దిగాలంటే గాల్లో ఆగాలి. ఆగితే గిర్రున తిరిగి వార్డుల మీద పడతాం. విమానాశ్రయానికి పోనివ్వండి. పొడుగాటి రన్‌వే కావాలి.”

“అది ఇరవై నిమిషాలు. ఆవిడకంత టైం లేదు.”

వెనక స్ట్రెచర్ మీద గుండెపోటు వచ్చిన పెద్దావిడ, పక్కనే నర్సు.

పెద్దాయన వెనక్కి చూడలేదు. “రన్‌వేకే పోనివ్వండి.”

“చెప్పడానికి మీకేం పోయింది?” పైలట్‌కు ఒళ్ళు మండింది. అయినా రన్‌వే వైపే తిప్పి, అంబులెన్సును అక్కడికి రమ్మని రేడియోలో చెప్పాడు. ఎందుకు విన్నాడో అతనికే తెలియదు.

నేల తగులుతుండగా పెద్దాయన అన్నాడు. “ఇప్పుడు ఇంజన్లు కట్టెయ్యండి.”

హెలికాప్టర్ విమానంలా జారుకుంటూ వెళ్ళి, కాస్త ఒరిగి ఆగింది.

“బాగా దింపారు బాబూ.” భుజం తట్టి, స్ట్రెచర్ వెంట పెద్దాయన కూడా అంబులెన్సు ఎక్కేశాడు. మెకానిక్‌కు అంబులెన్సులో ఏం పనో పైలట్‌కు అంతుపట్టలేదు.

సాయంత్రం రిపోర్టు రాయబోతూ ఆఫీసుకు ఫోన్ చేశాడు. “నాతో వచ్చిన మెకానిక్ పేరు చెప్పండి సార్.”

“మెకానిక్కా? మేమెవర్నీ పంపలేదే.”

పైలట్‌కు బుర్ర తిరిగిపోయింది. ఆసుపత్రికి పరుగెత్తాడు. నర్సు వరండాలో బల్ల మీద ఒక్కతే కూర్చుని ఉంది.

“ఆవిడెలా ఉన్నారు?”

“దారిలోనే పోయారండీ.”

పైలట్‌కు కోపం తన్నుకొచ్చింది.

“రన్‌వే, రన్‌వే అని ఒకటే గోల పెట్టాడు. ఎవరమ్మా ఆయన? దొంగ యూనిఫాం వేసుకుని ఎందుకెక్కాడు?”

“దొంగది కాదండీ. ముప్పై ఏళ్ళు ఒంటి మీదున్నదే, రిటైరయ్యాక దాచుకున్నారట. అది తొడుక్కుని వస్తే నేనూ చూసీ చూడనట్టు ఊరుకున్నాను.”

నర్సు తల దించుకుంది.

“పేషెంటు భర్తనంటే మీ రూల్స్ ప్రకారం ఎక్కించుకోరు కదండీ.”