చుట్టూ తిరిగే లెక్క

“పాట రాదా? మరేం వచ్చునమ్మా నీకు?” అంది పెళ్ళికొడుకు తల్లి కనకవల్లి.

“లెక్కలొచ్చండీ,” అంది మధుమిత.

ఆమె తండ్రి నాగలింగం చాలించమన్నట్టు కళ్ళతో సైగ చేశాడు. కూతురు తొంభై ఒకటిలో ఎమ్మెస్సీ పాసైనప్పటి నుంచి సంబంధాలు చూస్తూనే ఉన్నాడు. పెరంబూరు నుంచి వచ్చిన ఈ ఒక్కటీ ఆయన మనసుకు నచ్చింది. అందుకే కనకవల్లి గడప దాటుతూనే “పిల్లలు ఏం మాట్లాడుకున్నా మా ఎదురుగానే. చాటు మాటలు, ఫోన్లు మా ఇంట్లో కుదరవు” అని హుకుం జారీ చేసినా పళ్ళు బిగించి ఊరుకున్నాడు.

మధుమిత పెళ్ళికొడుకు శివరామ్ వైపు తిరిగింది. “లక్షా నలభై రెండువేల ఎనిమిదివందల యాభై ఏడు. వింత నంబరండీ. రెండు నుంచి ఆరు దాకా దేంతో హెచ్చవేసినా అవే ఆరంకెలు వస్తాయి. వరస చెడదు, మొదలయ్యే చోటు మారుతుంది, అంతే. ఏడుతో వేస్తే అన్నీ తొమ్మిదులే!”

శివరామ్ మొదటిసారి తలెత్తాడు. “నిజంగానా?”

“నాలుగుతో వేసి చూడండి.”

అతను పెన్ను తీసి అరచేతి మీదే లెక్క వేశాడు. “ఐదు, ఏడు, ఒకటి, నాలుగు, రెండు, ఎనిమిది.”

“మరిచిపోకూడదు. ఇంకోసారి చెప్పండి.”

“571428.”

“మళ్ళీ.”

కనకవల్లి కాఫీ గ్లాసు ఠక్కున పెట్టింది. “ఏందమ్మా ఇది? మావాడేమన్నా ఒకటో క్లాసు పిల్లోడా, నీకు అప్పజెప్పేదానికి? పిల్లను చూసేదానికి వచ్చినామా, పరీక్ష రాసేదానికి వచ్చినామా ఈడికి? లెయ్ శివా!”

శివరామ్ అరచెయ్యి మూసుకుని తల్లి వెనకే నడిచాడు.

వాళ్ళు వీధి మలుపు తిరిగారో లేదో నాగలింగం విరుచుకుపడ్డాడు. “బుద్ధుందా నీకు? ఆ అంకెలు గుండ్రంగా తిరిగితే మనకేంది, బోర్లా పడితే మనకేంది? బంగారంలాంటి సంబంధం చెడగొట్టినావు గదే!”

“మంచి నంబరు నాయనా,” అంటూ మధుమిత గ్లాసులు తీసుకుని లోపలికి పోయింది. ఆయనకు ఒళ్ళు మండిపోయింది.

మర్నాడు పదకొండింటికి మధ్యవర్తి చిన్నసామి వచ్చాడు. “వాళ్ళమ్మ వద్దంటా ఉంది. పిల్లోడు మాత్రం నోరు విప్పలే.”

“ఎట్ల విప్పుతాడు? లెక్కలు జెప్పి బెదరగొట్టింది గదా!” నాగలింగం భార్య మీద అరిచాడు. “ఫోన్ చెయ్ కన్యకా! అది చేసిన ఘనకార్యం దానికి తెలియాల, ఇప్పుడే!”

నిన్న వంటింట్లోంచి బయటికే రాని కన్యక, కూతురు నెల కిందట చేరిన ఆఫీసుకు ఫోన్ తిప్పింది. ఎంగేజ్. కాసేపాగి మళ్ళీ తిప్పింది. ఎంగేజే.

“ఆఫీసు ఫోన్లో అంతసేపు ఎవురితో మాటలు?” నాగలింగం మండిపడ్డాడు. “అసలు నంబరు సరిగ్గా తిప్పతా ఉండావా నువ్వు?”

కన్యక చీటీ కళ్ళ దగ్గర పెట్టుకుని చదివింది. “ఐదు, ఏడు, ఒకటి, నాలుగు, రెండు, ఎనిమిది.”