బురుల్ నోరు విప్పిన బేరం

ఆ ఉదయం ఇంట్లో ఉన్నవాళ్ళు: కిటికీ పక్కన ఉన్ని వడుకుతున్న నానమ్మ, రొట్టెల పిండి పిసుకుతున్న అమ్మ, రాత్రి నారిన్ పట్నం నుంచి కారులో వచ్చిన జుమాకదిర్ మామయ్య, తలుపు వెనకాల బురుల్. బురుల్‌ని లెక్కలో వేసుకోవాలా వద్దా అన్నది ఇంట్లోవాళ్ళకే సందేహం. పదిహేనేళ్ళు వచ్చినా, చుట్టాలొస్తే ఆవుల కొట్టంలో దూరే పిల్ల. ఆవులతో మాత్రం బాగానే మాట్లాడుతుంది.

“అక్కా, దీన్ని తీసుకెళ్ళడానికే వచ్చాను. కాదనను,” అన్నాడు మామయ్య టీ ఊదుకుంటూ. “కానీ రాత్రి నాకు పెట్టాల్సిన సలాం తలుపుకి పెట్టింది. హాస్టల్లో ఇంకో రొట్టె ముక్క కావాలన్నా నోరు తెరిచి అడగాలి కదా! వచ్చే ఏడాది చూద్దాంలే.”

“వచ్చే ఏడాదికి మీ బావ మనసు మారిపోతుందిరా. ఈసారి ఒప్పించేసరికే నా తలప్రాణం తోకకొచ్చింది.”

తలుపు వెనకాల బురుల్ చెవి ఇంకా దగ్గరికి ఆనించింది. ఊళ్ళో బడి తొమ్మిదో తరగతితో సరి. పట్నంలో సీటొచ్చిందని తెలిసిన రోజే ఆమె సంచి సర్దుకుని మంచం కింద దాచుకుంది.

అప్పుడే వీధిలో మైకు మోగింది. “పాత ఇనుము కొంటాం! పాత బ్యాటరీలు కొంటాం!”

మామయ్య కప్పు కింద పెట్టాడు. “బావ తన బండికి కొత్త బ్యాటరీ వేయించుకుని, పాతది ఇంట్లోనే పడేసి మందతో కొండెక్కాడన్నావుగా? దాన్ని ఈ పిల్లనే అమ్మమను. మోసపోకుండా మంచి ధరకి అమ్ముకొస్తే ఇవాళే తీసుకెళ్తా. నేను కిటికీలోంచి తొంగి కూడా చూడను. ఒట్టు!”

“అయితే ఈ పిల్ల ఇక్కడే ఉంటుంది,” అంది నానమ్మ తృప్తిగా.

“పాత బ్యాటరీ బయటి గదిలో ఎక్కడో ఉంటుంది. వెతుక్కోవే, నా చేతులనిండా పిండి,” అంది అమ్మ.

బయటి గదిలో బకెట్లు, బూట్లు, గోనె సంచులు. పొయ్యి పక్కన, నానమ్మ పాత కోటులో చుట్టి, బ్యాటరీ. చలికి వణికే గొర్రెపిల్లల్ని నానమ్మ అలాగే చుట్టి అక్కడే పెడుతుంది. చచ్చిన బ్యాటరీ మీద కూడా ముసలావిడకి జాలి కలిగిందన్నమాట! ఎందుకైనా మంచిది, ఒక మాట అడుగుదామనుకుంది బురుల్. కానీ అడగాలంటే మళ్ళీ మామయ్య ముందు నిలబడాలి. అడగలేదు.

నాన్న చెప్పే జాగ్రత్తలన్నీ పాటించింది. రబ్బరు తొడుగులు వేసుకుంది. పైన తీగలు బిగించే రెండు కొమ్ములకీ గుడ్డలు చుట్టింది. ఆసిడ్ ఒలకకుండా బ్యాటరీని నిటారుగా స్లెడ్జి బండి మీద కట్టి, మంచులో మెల్లగా లాక్కెళ్ళింది. దారంతా ఒకే మాట వల్లె వేసుకుంది: కిలో ఎంత, కిలో ఎంత.

“కిలో...” అంది బండివాడి ముందు నిలబడి. “కిలో...”

“చెప్పమ్మా, కిలో తర్వాత?”

“ఎంత?”

“బ్యాటరీకైతే యాభై సోములు.”

సరేనని తల ఊపబోయింది. మంచం కింద సంచి గుర్తొచ్చింది.

“డెబ్భై!”

ఈ మాట అన్నదెవరా అని తనే వెనక్కి తిరిగి చూసింది.

“డెబ్భయ్యా! ఆసిడ్ పారబోసి తెస్తారు, సగం బరువు కూడా ఉండదు.”

“చుక్క కూడా పారబోయలేదు. పగుళ్ళు లేవు. చూసుకోండి. మీ కాటా వద్దు, ఉన్ని తూచే కాటా నేనే తెచ్చాను.”

అతను కిందికి దిగి గుడ్డలు విప్పాడు. బ్యాటరీ చుట్టూ తిరిగి చూశాడు. ఆమె ఇంటివైపు చూశాడు. టోపీ వెనక్కి తోసి ఆమెవైపు చూశాడు.

“అమ్మాయ్, ఇది నిజంగా అమ్మడానికేనా?”

ధర దించడానికి ఇదో ఎత్తు అనుకుంది బురుల్. కొనేవాడు కంగారు పెడతాడు, బెదరకూడదని నాన్న ఎన్నిసార్లు చెప్పలేదు!

“కాకపోతే షికారుకి తెచ్చానా?”

“ఇంట్లో పెద్దవాళ్ళకి తెలుసా?”

“మా మామయ్యే పంపాడు. కొంటే కొనండి, లేకపోతే సాయంత్రం ఇంకో బండికి ఇచ్చుకుంటా.”

మంచు కరిగేదాకా ఆ ఊరికి ఇంకో బండి రాదు. ఇంత తేలిగ్గా కోతలు కోయడం తనకెప్పుడు వచ్చిందో ఆమెకే తెలియలేదు.

“సరే, డెబ్భై అయిదు చేసుకో. మళ్ళీ మాట మార్చకూడదు,” అని అతను గబగబా తూచి, నోట్లు చేతిలో పెట్టాడు. మైకు కూడా వేయకుండా బండి ఊరు దాటించాడు.

అడిగినదానికంటే ఎక్కువిచ్చాడంటే తన గొంతులో ఎంత గాంభీర్యం ఉండి ఉండాలి! ఇన్నాళ్ళూ దాన్ని ఆవుల దగ్గర వృథా చేసిందన్నమాట.

“డెబ్భై అయిదా?” మామయ్య లేచి నిలబడ్డాడు. “నా జన్మలో అరవై దాటలేదే! సంచి తెచ్చుకో, తల్లీ.”

నానమ్మ నోట్లు వెలుతురుకి ఎత్తి చూసింది. దొంగవి కావు. అదీ నచ్చలేదు ఆవిడకి.

“పోనీలే,” అంది చివరికి. “పట్నం వాళ్ళే జాగ్రత్తగా ఉండాలి.”

అమ్మ వేడి రొట్టె పట్టుకొచ్చింది. బురుల్ ఒక ముక్క కొరికి ఇచ్చింది. ఆనవాయితీ ప్రకారం, ఆమె తిరిగొచ్చేదాకా ఆ మిగతా రొట్టె గోడకి వేలాడుతుంది. అమ్మ కళ్ళు తుడుచుకుంది. మళ్ళీ ఆరు నెలల దాకా చూడలేనేమోనంది.

బురుల్ ముందు సీట్లో ఎక్కి కూర్చుంది. దారిన పోతున్న పక్కింటి ముసలాయనకి గట్టిగా సలాం చెప్పింది. ఆయన ఉలిక్కిపడి, ఎవరో పట్నం అమ్మాయనుకుని మర్యాదగా టోపీ సర్దుకున్నాడు. హాస్టల్లో మొదటి రోజే ఎవరెవరిని ఎలా పలకరించాలో ఆమె వరసగా ఆలోచించుకుంటోంది.

“కాళ్ళు లోపల పెట్టుకో, బేరాల రాణీ,” అన్నాడు మామయ్య.

“రాత్రి చలికి పాడవకుండా పొయ్యి దగ్గర పెట్టిన నా బ్యాటరీ తెచ్చుకుంటా,” అని కారు తలుపు మూశాడు.