ఒకటో నంబరు రూపాయి

దత్తాత్రి నరసయ్య రూపాయిని లోపలి గదిలోకి తీసుకెళ్లాడు. తూకం వేసి బయటికొచ్చాడు. కాగితం కవరు మీద ‘1986 – ఒకటో నంబరు’ అన్న పాత రాత కింద కొత్తగా రాశాడు: ‘1987 – రెండో నంబరు.’

“ఏంది దత్తూ, ఏడాదిల్నే దిగిందా?” నరసయ్య కవరు లాక్కున్నంత పని చేశాడు.

“ఇంట్ల ఎవరో చింతపండు పెట్టి తోముతున్నరు. సూడు, రాణి ముక్కు అరిగింది. వదినెకు చెప్పు, ఇది ఇత్తడి చెంబు కాదని.”

కొంతం చౌక్‌లో దత్తాత్రిది పాత నాణేల దుకాణం. ముఖం, వెనక అక్షరాలు చూసి నంబరు వేస్తాడు. నిన్న టంకశాల నుంచి వచ్చినట్టుంటే ఒకటి, అరిగిపోతే మూడు. దాజీ పేట్‌లో ఒకే గల్లీలో గోలీలాడిన స్నేహం కాబట్టి నరసయ్య దగ్గర పైసా తీసుకోడు. ఏటా దీపావళి పూజ కాగానే రూపాయి చూస్తాడు, నంబరు రాస్తాడు.

ఆ రాణి బొమ్మ వెండి రూపాయి నరసయ్య తండ్రి పెంటప్పది. పెంటప్ప పిసినారితనం గురించి దాజీ పేట్‌లో ఇప్పటికీ చెప్పుకుంటారు. నమ్మితే నమ్మండి, చెప్పులు అరుగుతాయని చంకలో పెట్టుకుని పండరిపురం దాకా నడిచాడట. దోమ కుడితే, తాగిన రక్తం కక్కేదాకా దాన్ని వదిలేవాడు కాదట. స్క్రూడ్రైవరు దండగని మగ్గం మరలు ఆ రూపాయితోనే బిగించేవాడట. పక్కన కూర్చుని కండెలు చుట్టే కోడలు, నరసయ్య భార్య చంద్రభాగ, అడిగినప్పుడల్లా దాన్ని అందించేదట. పోయేటప్పుడు కూడా సగం ఊపిరి మిగుల్చుకునే పోయాడని అంటారు.

తండ్రి పోయిన ఏడే నరసయ్య ఆ రూపాయిని మొదటిసారి కొంతం చౌక్‌కు తెచ్చాడు. దత్తాత్రి కళ్లు పెద్దవయ్యాయి.

“ఒకటో నంబరు! అమ్ముతవా?”

“నాయన గుర్తు. ఇంకోసారి అడగకు.”

దత్తాత్రి ఇంకోసారి అడగలేదు.

ఇప్పుడది రెండో నంబరు. నరసయ్య ఇంటికొచ్చేసరికి చంద్రభాగ ఒడిలో చాట పెట్టుకుని బీడీలు చుడుతోంది.

“రూపాయి తోమినవానే?”

“పూజల పెట్టేముందు తడిబట్టతోని తుడిచిన. అంతే.”

“చింతపండు పెట్టలే?”

“చింతపండు చారుకే లేదు, నీ రూపాయికి ఏడికెల్లి తేవాలె?”

ఆ రోజు నుంచి రూపాయి పెట్టెలోకి, తాళంచెవి నరసయ్య మొలతాడుకు చేరాయి. లక్ష్మీపూజ నాడు కూడా తనే తీశాడు, తనే పెట్టాడు. చంద్రభాగను వేలు తగలనివ్వలేదు.

మరుసటి దీపావళికి దత్తాత్రి మళ్లీ లోపలికెళ్లాడు, తూచాడు, రాశాడు. ‘1988 – మూడో నంబరు.’

“తాళం ఏసిన్రా! చెవి నా నడుముకే ఉన్నది!”

“నిద్రపోతవు గదా,” అన్నాడు దత్తాత్రి మెల్లగా. “నీ ఇంటి సంగతి. నేనేం చెప్త?”

ఇంట్లో నిలదీస్తే, “మార్కండేయుని మీద ఒట్టు, నేను ముట్టలే,” అంది చంద్రభాగ.

నరసయ్య నమ్మలేదు. ఒట్టు గాల్లో పోతుంది, కవరు మీద రాత ఉంది కదా. నాయన గుర్తును కట్టుకున్నదే అరగదీసిందన్న మాట అతనికి మింగుడు పడలేదు. ఆ తర్వాత రూపాయిని చూపించడానికే వెళ్లలేదు. రెండేళ్లు ఆ ఇంట్లో మాటలకు కూడా రేషన్ పెట్టినట్టు నడిచింది. ‘అన్నం’ అంటే అన్నం, ‘నీళ్లు’ అంటే నీళ్లు. అశోక్ చౌక్ కార్ఖానాలో చద్దరులో ఎక్కడ పోగు తెగినా పట్టేసే మనిషి, ఇంట్లో దొంగను పట్టలేకపోయానని కుమిలిపోయాడు.

తొంభైలో, దీపావళి మర్నాడు దత్తాత్రి కబురు పెట్టాడు.

“నీకోసమే దాచిన. అదే రాణి, అదే సంవత్సరం.”

నరసయ్య పోగులు లెక్కపెట్టే అద్దం తీశాడు. ముఖం చూశాడు. తిప్పి అక్షరాలు చూశాడు. మెరిసిపోతోంది. అయినా చేయి జేబులోకి పోలేదు. అప్పుడు దత్తాత్రి దాని కవరు ముందుకు జరిపాడు.

‘1987 – ఒకటి. 1988 – ఒకటి. 1989 – ఒకటి. 1990 – ఒకటి.’

“నాణెం చూసి కొనకు నర్సయ్యా, దాని చరిత్ర చూసి కొను. నాలుగేండ్ల సంది ఒక్క నంబరు దిగలే. ఎసొంటి ఇంట్ల ఉండెనో చూడు.”

ఆ మాట నాటుకుంది. దీపావళి బోనసు మొత్తం తీసి పెట్టాడు. చాలలేదు.

“తక్కువ పడ్డదానికి నీ మూడో నంబరుది ఇయ్యి.”

“నాయన గుర్తు గదరా...”

“మొహమే అరిగినంక గుర్తు ఏడిది?”

నరసయ్య పెట్టెలోంచి తెచ్చి ఇచ్చేశాడు.

ఇంటికొచ్చి కొత్త రూపాయిని చాటలో, బీడీల మధ్య పడేశాడు. రెండేళ్ల తర్వాత పెళ్లాంతో నిండుగా ఒక మాట మాట్లాడాడు.

“సూడు. మంచి ఆడది ఉన్న ఇంట్ల నాణెం ఇట్లుంటది.”

చంద్రభాగ రూపాయి తీసుకుంది. రాణి ముఖం వైపు చూడనైనా లేదు. బీడీలు చుట్టి చుట్టి కాయగాసిన బొటనవేలిని దాని చుట్టూ నడిపించింది. ఒకచోట వేలు ఆగింది. మళ్లీ నడిపించింది. మళ్లీ అక్కడే ఆగింది.

“చద్దరైతే అంచు చూడంది ముట్టవు,” అంది. “దీని అంచు చూసినవా?”

నరసయ్య అద్దం తీసి కంటికి ఆనించాడు.

అంచు గీతల్లో మూడు నున్నగా అరిగి ఉన్నాయి, పెంటప్ప ఏళ్లతరబడి మగ్గం మరలు బిగించిన చోట.