ఆరు స్క్రూల పెట్టె

పాత పళ్ళ బ్రష్షుతో ఆమె పెట్టె సందుల్లోని దుమ్ము దులుపుతోంది. తెల్లటి దుమ్ము. రోజూ దులిపినా మర్నాటికి మళ్ళీ అంతే.

"చిన్నకోడలికి స్నానం అయిందా?" అంది అత్తగారు మంచం మీంచి.

"అవుతోంది అత్తయ్యా. వీపు రుద్దుతున్నాను."

"గట్టిగా రుద్దు. నిన్నైనా వదిలేస్తాడేమో గానీ దాన్ని వదలడు మావాడు."

అత్తగారు చిన్నకోడలని పిలిచే ఆ పెట్టె, గిటారు శబ్దాన్ని నూరు రకాలుగా మార్చే యంత్రం. ఆమె భర్త గిటారు వాయిస్తాడు. ఆరు నెలల కిందట ఆమె పుట్టింటికి వెళ్ళి వారం తర్వాత తిరిగొచ్చేసరికి, కిటికీ పక్కన తన కుట్టుమిషను ఉండాల్సిన చోట ఈ పెట్టె కూర్చుని ఉంది. మిషను అమ్మి దీన్ని తెచ్చానని ఆయన నవ్వుతూ చెప్పాడు. అప్పటిదాకా "టైలరమ్మా" అని పిలిచిన వీధి, ఆ వారం నుంచి "గిటారాయన భార్య" అనడం మొదలుపెట్టింది.

తెచ్చిన రోజే ఆయన మూత విప్పి మరీ చూపించాడు.

"ఇది మామూలు రేకు కాదే, ఉక్కు. ముందు పలక చూడు, ఎంత మందమో. బోర్డులన్నీ నాలుగు మూలలా బిగించారు. ఒక్క తీగ వేలాడుతోందా? ఏనుగు తొక్కినా దీనికేం కాదు."

ఆమె చూసింది. పచ్చటి బోర్డులు, పిడికిలంత ట్రాన్స్‌ఫార్మరు, జడలా అల్లిన తీగలు. దీన్ని చంపాలి అనుకుంది. చేతిలోని పనిముట్టు పోతే ఎలా ఉంటుందో ఈయనకీ తెలియాలి.

వారం తిరక్కుండానే, బట్టలకు పెట్టే గంజి గ్లాసుడు తీసుకుని గాలి సందుల్లోంచి పోసింది. మర్నాడు ఆయన పెట్టెను భుజాన పెట్టుకుని కచేరీ హాలుకు వెళ్ళాడు. సాయంత్రం ఆలస్యంగా వచ్చాడు. ఆమె గుమ్మంలోనే నిలబడింది.

"ఎలా మోగింది?"

చెప్పులు విప్పుకోవడానికి ఆయనకు చాలాసేపు పట్టింది.

"గంటలా మోగింది" అన్నాడు.

ఆమెకు ఒళ్ళు మండిపోయింది.

తర్వాత ఓ రోజు దాన్ని మెట్ల మీంచి తోసింది. పదకొండు మెట్లూ దొర్లి, ఒక మూల చిన్న సొట్ట పెట్టుకుని, బుద్ధిగా కూర్చుంది. "చేయి జారిందండీ" అంది ఆమె. ఆయన సొట్టను తడిమి, "పోనీలే, లోపల ఏమీ కాదు" అన్నాడు. ఇంకో రోజు వానలో డాబా మీద మరిచిపోయినట్టు వదిలేసింది. చక్కెర చల్లి చీమలను పిలిచింది. చీమలు వచ్చాయి, తిన్నాయి, తమ దారిన తాము పోయాయి. పెట్టె మాత్రం రోజూ పొద్దున్నే ఆయన భుజమెక్కి వెళ్ళేది. సాయంత్రం దుమ్ము కొట్టుకుని దిగేది.

"వాయించే చోట ఇంత దుమ్మేమిట్రా?" అని అడిగింది అత్తగారు.

"పక్కన ఏదో కడుతున్నారమ్మా."

గిటారు కచేరీ హాల్లోనే వదిలేస్తున్నానన్నాడు. "దీన్ని మాత్రం ఎవరి చేతికీ ఇవ్వను" అన్నాడు. ఇంట్లో వాయించడం మానేశాడు. అడిగితే, "నీకు తలనొప్పి కదే" అన్నాడు. ఆ దయ చూస్తే ఆమెకు మరింత మంట.

మొన్నటికి మొన్న భోజనం చేస్తూ అడిగాడు.

"కుట్టుమిషన్లలో కాలితో తొక్కేది గట్టిదా, మోటారుదా?"

"ఎందుకూ? ఇంకోటి కొని అదీ అమ్మేద్దామనా?"

ఆయన తల వంచుకున్నాడు. బొటనవేలికి గుడ్డ చుట్టుకుని, మిగిలిన నాలుగు వేళ్ళతోనే తిన్నాడు. తీగలు కోసినట్టున్నాయి, బాగా అయింది అనుకుంది ఆమె.

ఇవాళ ఇక ఆగదలచుకోలేదు.

ఆయన స్నానాల గదిలో ఉన్నాడు. నీళ్ళ చప్పుడు వినిపిస్తోంది. ఆమె బ్రష్షు పక్కన పడేసి, బీరువా అడుగు అర నుంచి రెండు వస్తువులు తీసింది. ఒకటి బట్టలు కత్తిరించే పెద్ద కత్తెర. రెండోది మిషనుతో పాటు వచ్చిన చిన్న స్క్రూడ్రైవరు. మిషను గుర్తుగా మిగిలింది అదొక్కటే. దాని పనిముట్టుతోనే దీని ప్రాణం తీయాలి. జడలా అల్లిన ఆ తీగల్లో ఒక్కటి కూడా మిగలకూడదు.

"ఏం చేస్తున్నావే అక్కడ?"

"మీ చిన్నకోడలికి జుట్టు కత్తిరిస్తున్నాను అత్తయ్యా."

ముసలావిడ కిసుక్కున నవ్వి అటు తిరిగి పడుకుంది.

ఆరు స్క్రూలు. బిగుసుకుపోయి ఉంటాయనుకుంది. ఉత్త వేళ్ళతో తిప్పినా తిరిగిపోయాయి. మూత ఎత్తింది.

కత్తెర గాల్లోనే ఆగిపోయింది.

స్నానాల గదిలో నీళ్ళ చప్పుడు కూడా ఆగింది. ఆమె మూత పెట్టేసి స్క్రూలు బిగించసాగింది. ఐదోది బిగించేసరికి ఆయన తల తుడుచుకుంటూ వచ్చాడు.

"ఇంకా తుడుస్తున్నావా? చాల్లేవే, అరిగిపోతుంది..."

చాప మీద ఆరో స్క్రూ పడి ఉంది. ఆయన దాన్ని చూశాడు. కత్తెరను చూశాడు. ఆమె ముఖం చూశాడు.

"ఇవాళైనా బాగా వాయించరా" అంది అత్తగారు, ఇటు తిరక్కుండానే.

ఆయన వంగి ఆ స్క్రూ తీసి జేబులో వేసుకుని, మూలల్లో ఎండిపోయిన గంజి పెచ్చులు, బరువుకు పెట్టిన రెండు ఇటుకలు, సిమెంటు కొట్టుకుపోయిన కూలిబట్టల జత తప్ప లోపల మరేమీ లేని ఆ పెట్టెను ఎప్పటిలాగే భుజానికెత్తుకుని గుమ్మం దాటాడు.