అమాస నాడు ఆగే సాంచె

ఫ్యూజుడబ్బా కింద పీట వేసుకొని, గోడకు వీపు ఆనించి కూర్చున్నాడు షెడ్డు యజమాని లక్ష్మీరాజం. పొద్దుటి నుంచి అక్కడి నుంచి లేవలేదు. చాయ కూడా అక్కడికే తెప్పించుకున్నాడు. ఎదురుగా బట్ట నేసే కరెంటు సాంచెలు టకటకమని చెవులు చిల్లులు పడేలా నడుస్తున్నాయి.

"ఎల్లేశం! ఇయ్యాల అమాస. ఇయ్యాల గిన సాంచెలు ఆగినయనుకో, రేపటి సంది నువ్వు రాకు. సాఫ్ చెప్తున్న."

ఎల్లేశం తెగిన పోగుకు ముడి వేస్తూ తలెత్తాడు. "ఆగేటియి సాంచెలు. తిట్లు నాకా సేటు?"

"సాంచెకు అమాస ఎర్కుంటదా, పున్నం ఎర్కుంటదా? ఎవడో చెయ్యి పెడ్తెనే ఆగుతది. గీ షెడ్ల నువ్వు గాక ఇంకెవడున్నడు?"

సిరిసిల్లలో ఆ గల్లీకంతా పెద్ద చిక్కుముడి అయి కూర్చుంది ఇది. దసరా వెళ్లగానే లక్ష్మీరాజం "ఇగ నా షెడ్డుల అమాస సెలవు లేదు, బొంబాయి సేటు బట్ట తొందరగ గావాలన్నడు" అని చాటాడు. అప్పటి నుంచి ప్రతి అమావాస్యకూ మిట్టమధ్యాహ్నం దాటగానే సాంచెలు టక్కున ఆగుతున్నాయి. దీపాలు పెట్టే వేళకు వాటంతట అవే లేస్తున్నాయి. మిగతా రోజుల్లో తుమ్మవు, దగ్గవు. మరునాడు మిస్త్రీని పిలిపిస్తే, "నడుస్తున్న సాంచెకు నేనేం మందెయ్యాలె?" అని చాయ తాగి పోయాడు.

తక్కిన షెడ్లన్నింటికీ అమావాస్య నాడు తాళాలే. సెలవు దొరికిన నేతగాళ్లు అరుగుల మీద పచ్చీసు ఆడుకుంటూ ఒక చెవి ఇటే పారేశారు. "ఆగుతదా?" అని ఒకడు, "ఆగకేమాయె!" అని ఇంకొకడు. గవ్వల మీద కన్నా ఈ పందెం మీదే వాళ్లకు మోజు.

లక్ష్మీరాజం తల్లి శంకరవ్వ గడప దగ్గర చతికిలబడింది.

"మగ్గానికి నెలకొక్కనాడు పని బంద్ వెట్టి రికాం ఇచ్చుడు మా అత్త నాటి సంది ఉన్నది బిడ్డా. మన నేతోళ్ల దేవుడు మార్కండేయుడు సూస్తలేడనుకున్నవా?"

"మగ్గమంటె కాళ్లతోని తొక్కేది అవ్వా. కాళ్లు గుంజుతయని రికాం ఇచ్చిండ్రు. కరెంటు సాంచెకు కాళ్లున్నయా?"

"సాంచె ముంగట నిలవడ్డోనికి ఉన్నయి గదరా!"

ఎల్లేశం వినీ విననట్టు నాడెలో నూలు కండె మార్చాడు. అమావాస్య అంటే అతనికి మానేరు వాగు. పెళ్లాం ఎల్లక్కా తనూ సద్దిమూట కట్టుకొని పోయి, ఆమె బట్టలు ఉతుకుతుంటే తను గాలం వేసి, ఇసుకలో కూర్చొని కలిసి తినేవాళ్లు. ఇంట్లో ఇద్దరూ ఒక్క పూటా కలిసి తిన్నది లేదు. ఇతను వచ్చేసరికి ఆమె కండెలు చుట్టే పనిలో ఉంటుంది. ఆ ఒక్క దినం పోయిందని అతనికి కడుపులో మంటగానే ఉంది. అయినా ఇవాళ మాత్రం సాంచె మీద చెయ్యి వేసి లోపలే మొక్కుకున్నాడు. 'ఇయ్యాలొక్కనాడు ఆగకు తల్లీ. పని పోతె ఏ మొకం పెట్టుకొని ఇంటికి పోవాలె?'

సాంచె తల్లి వినలేదు. టక్ అని ఒక్క చప్పుడు. అన్నీ ఆగిపోయాయి.

షెడ్డంతా ఒక్కసారిగా నిశ్శబ్దమైపోయింది. మరుక్షణం బయటి నుంచి కేక. "ఆగింది! ఆగిందిరో!"

లక్ష్మీరాజం దిగ్గున లేచి ఫ్యూజు గుంజి చూశాడు. తీగ చెక్కుచెదరలేదు. వెనక్కి తిరిగాడు. అంత దూరంలో ఎల్లేశం రెండు చేతులూ పైకెత్తి నిలబడి ఉన్నాడు.

"సూడు సేటు. నా చేతులు గీడనే ఉన్నయి."

లక్ష్మీరాజం కళ్లు తెలియకుండానే గోడ మీది మార్కండేయుని పటం వైపు పోయాయి. చేతులు జోడించబోయాడు. కానీ పదిమంది ముందు భయపడితే ఇన్నాళ్లూ చెప్పిన కొత్త కాలం కబుర్లు ఏం కావాలి? దులుపుకొని, కరెంటు ఎక్కడ ఆగిందో చూద్దామని బయటికి ఉరికాడు. తల పైకెత్తి తీగను చూసుకుంటూ ఒక స్తంభం నుంచి ఇంకో స్తంభానికి నడిచాడు. వెనకాల ఎల్లేశం, అతని వెనకాల పచ్చీసు వదిలేసిన గల్లీ అంతా, అందరి వెనకాల చేతికర్ర పట్టుకొని శంకరవ్వ.

మలుపు తిరిగితే పెద్ద సడక్. అక్కడ స్తంభం మీద కాళ్లు మెలేసుకొని, తీగలు బిగిస్తూ కనిపించాడు లైన్‌మన్ దేవదాస్.

"దేవదాసూ! కరెంటు నువ్వు బంద్ జేసినవా?"

"ఆఁ సేటు! షెడ్ల లైను వేరే గద, నెలకొక్కపారి దాని తీగెలు సదరకుంటె మీ సాంచెల జోరుకు కాలిపోతయి. పొద్దుమీకి, దీపాల యాళ్లకు ఇస్త."

గల్లీ గొల్లుమంది. ఎల్లేశం స్తంభం పైకి చూసి దేవదాసుకు దండం పెట్టాడు. లక్ష్మీరాజానికి పోయిన భయం స్థానంలో కోపం వచ్చింది.

"నెలల గిన్ని దినాలుండంగ నీకు అమాసనే దొరికిందా? ఏ పాపం ఎరుగనోన్ని పనిల నుంచి తీసేద్దు గదనయ్యా! అమాస నాడే బంద్ జెయ్యుమని నీకు చెప్పిన సోపతిగాడెవడు? వాని పేరు చెప్పు. ఇయ్యాల వాడో నేనో తేలిపోవాలె!"

దేవదాస్ తీగ బిగించడం ఆపి కిందికి వింతగా చూశాడు.

"గదేంది సేటు, మరిచినవా? సాంచెలు దింపిన కొత్తల మార్కండేయుని గుడి ముంగట నా చేతుల కొబ్బరికాయ వెట్టి, 'అమాస నాడు మేం పని ముట్టం, నీ తీగెల పనంత గా దినమే పెట్టుకో, మాట తప్పద్దు' అని ఒట్టేయించుకున్నది నువ్వే గద!"