పాత ఫోను ఎవరికి?

కూతురికి కన్నతల్లి గుర్తులేదు. తల్లి పోయి ఏడాది తిరగలేదు, అత్తగారిని అమ్మా అని పిలుస్తోంది. లేత్ మేస్త్రీ దృష్టిలో ఇది తేలిపోయిన సంగతి. ఫోన్ల దుకాణంలో పనిచేసే పిల్ల "ఎంతలో చూపించమంటారు బాబాయ్‌గారూ?" అని అడిగితే, ధర చెప్పకుండా ముందు ఈ సంగతి చెప్పాడు.

"పోనీలెండి, పిలుపే కదా" అంది ఆ పిల్ల.

"నీకు పెళ్లయిందా?"

"లేదు."

"అయితే నీకు తెలీదు. ఫోన్లు చూపించు."

ఆమె నాలుగు ఫోన్లు వరసగా పెట్టింది. మేస్త్రీ చొక్కా జేబులోంచి మందం కొలిచే వెర్నియర్ తీసి మొదటి ఫోనును నొక్కిపట్టాడు.

"పెట్టె మీద ఎనిమిది మిల్లీమీటర్లని వేశారు. తొమ్మిదిన్నర ఉంది."

"కెమెరా ఉబ్బుతో కలిపి కొలిచారేమో."

"ఉబ్బును విడిగా ఇంకో జేబులో పెట్టుకుంటానా?"

ఆమె నవ్వు ఆపుకుని ఇంకోటి అందించింది. వేలిముద్ర పెట్టమంది. పెట్టాడు. తెరుచుకోలేదు. ముప్పై ఏళ్లు ఇనుము పట్టిన వేళ్లు. గీతలు ఎప్పుడో అరిగిపోయాయి.

"అంకెలతో తెరుచుకునేలా పెడతాను. ఇంకేం కావాలి మీకు?"

"మధ్యాహ్నానికే ఛార్జింగ్ చచ్చిపోకూడదు. మిషను ఆడుతుండగా మోగితే వినబడాలి. కంపెనీ వాళ్లు డ్రాయింగులు ఫోనుకే పంపుతున్నారు, కొలతలు కనబడాలి."

ఆమె ఒక డ్రాయింగు తెరిచి రెండు వేళ్లతో పెద్దది చేసి చూపించింది. "ఇదిగో, ఇక్కడ కొలత తప్పుగా వచ్చిందనుకోండి. దాని చుట్టూ ఇలా ఎర్ర సున్నా చుట్టి వాళ్లకే తిప్పి పంపొచ్చు."

మేస్త్రీ ముఖం కాస్త విచ్చుకుంది. "తప్పెవరిదో ఋజువు ఉంటుందన్నమాట. ఇదే ఇవ్వు."

"పాత ఫోను ఎక్స్ఛేంజ్‌లో ఇస్తే ధర తగ్గుతుంది."

"ఇవ్వను." జేబు మీద చెయ్యి వేసుకున్నాడు. "ఇది మా ఆవిడది. బట్టలు కుట్టేది. కొలతలు కాగితం మీద రాసేది కాదు, ఇందులో చెప్పి రికార్డు చేసుకునేది. అన్నీ ఉన్నాయి."

"వింటుంటారా?"

"ఒకటి విన్నాను. ఎవరిదో చేతి పొడుగు చెబుతూ మధ్యలో, 'ఆ తలుపు వెయ్యండీ, ఎన్నిసార్లు చెప్పాలి' అని నన్ను కసిరింది. మళ్లీ వినలేదు."

అంతలో జేబులో ఫోను టింగుమంది. కూతురు. ఆ అమ్మాయికి టైపు చెయ్యడం బద్ధకం. మైకు బొమ్మ నొక్కి మాట్లాడేస్తుంది, ఫోనే రాసుకుంటుంది. కామా ఉండదు, ఫుల్‌స్టాప్ ఉండదు. మేస్త్రీ కళ్లజోడు సర్దుకుని చదివాడు.

'కొత్తది నీకు నచ్చింది తీసుకో పాతది అమ్మకు ఆదివారం వచ్చి తీసుకెళ్తాను'

రెండోసారి చదివాడు. ఫోను బల్ల మీద పెట్టాడు.

"పిలుపే కదా అన్నావు. ఇప్పుడు మా ఆవిడ ఫోను కూడా ఆ అమ్మకట. ఆదివారం వచ్చి పట్టుకుపోతుందట."

"ఇవ్వనని చెప్పెయ్యండి."

"ఎదురుగా కూచుని నాన్నా అంటుంది. ఇచ్చేస్తాను. నా సంగతి నాకు తెలుసు." ఫోనును ఆమె వైపు తోశాడు. "మా ఆవిడ గొంతుకి మైకు అక్కర్లేదని పిల్ల పెళ్లిలో పదిమంది ముందు నవ్విన మనిషి ఆ వియ్యపురాలు. ఈ గొంతు ఆవిడ చేతికా? తుడిచేసి తీసుకో."

"పోనీ లోపలివన్నీ కొత్త ఫోన్లోకి ఎక్కిస్తాను. గంటలో అయిపోతుంది."

"అప్పుడు కొత్తది పట్టుకుపోయి వినిపిస్తుంది. తుడిచెయ్యమన్నానా?"

"తుడిస్తే మళ్లీ ఎవరూ తియ్యలేరు బాబాయ్‌గారూ. నా చేత్తో నేను చెయ్యను. మీరే నొక్కండి."

మొత్తం తుడిచెయ్యాలా అని తెర అడిగింది. అవును అన్నచోట మేస్త్రీ వేలు పెట్టాడు. ఈసారి ఫోను ఆయన వేలిని వెంటనే ఒప్పుకుంది.

ఆదివారం కూతురు వచ్చింది. భుజాన లాప్‌టాప్ సంచి, చేతిలో కేబుల్. చెప్పులు విప్పుతూనే అడిగింది.

"పాత ఫోనేది నాన్నా?"

"దుకాణంలో ఇచ్చేశాను."

"ఇచ్చేశావా? మరి లోపలివి?"

"తుడిచేసే ఇచ్చాను."

ఆమె లోపలికొచ్చి కుర్చీలో కూచుంది. కేబుల్‌ను వేలికి చుట్టుకుంది.

"అమ్మ గొంతంతా కంప్యూటర్లోకి ఎక్కించి, నీకు తేలిగ్గా దొరికేలా సర్దిపెడదామని వచ్చాను నాన్నా. నా మెసేజీ చూసుకోలేదా?"

"చూశాను. అమ్మకు అని పెట్టావు."

"అమ్మకు అనే కదా పెట్టాను! వద్దన్నాక కూడా ఎందుకు అమ్మేశావు?"

మేస్త్రీ లేచి వెళ్లి తలుపు వేశాడు.

"ఆ ఫోను ఊసు ఈ ఇంట్లో ఇంకెప్పుడూ ఎత్తకు" అన్నాడు. ఆయనా ఎత్తలేదు.