పదిహేడో పేజీ

నీలం యూనిఫాం జేబులోంచి రొవీనా ఒక మడత కాగితం తీసి నా వంటింటి బల్ల మీద పెట్టింది.

"తప్పులుంటే దిద్దండి, మిస్ డెల్మా. మూడింటికల్లా ఇచ్చెయ్యాలి."

చదివాను. తను పనిచేసే ముసలివాళ్ళ నర్సింగ్ హోంలో ఆమెకు సూపర్‌వైజర్ ఉద్యోగం ఇస్తామన్నారు. వద్దని రాసింది.

"మతి పోయిందా పిల్లా నీకు?"

"జీతం పెరిగితే ఇల్లు పోతుంది. మార్చిలో కాగితాలు చూస్తారుగా."

మార్చి వస్తోందంటే మా బిల్డింగంతటికీ గుండెదడ. పన్ను రాయితీల డబ్బుతో కట్టిన ఇళ్ళివి. తక్కువ జీతాల వాళ్ళకే ఇస్తారు. ఏటా ఆ నెలలో జీతం కాగితాలు కింద ఆఫీసులో చూపించాలి.

అందుకని ఫిబ్రవరి రాగానే మూడో అంతస్తు బస్సు డ్రైవర్ ఓవర్‌టైం మానేస్తాడు. బడిలో వంట చేసే ఆవిడ ఆదివారం పని వదులుకుంటుంది. జీతం పెరిగితే ఇల్లు పోతుందని ఎవరు చెప్పారో ఎవరికీ తెలియదు.

రొవీనా ఉండేది నా ఎదురు ఫ్లాట్‌లో. పదేళ్ళుగా ముసలివాళ్ళను ఎత్తి కూర్చోబెడుతోంది. పన్నెండు గంటలు నిలబడి వచ్చి కూడా, మెట్ల మీద కూతురు జూనీతో పందెం వేసుకుని పరుగెత్తుతుంది.

అలాంటి మనిషిని నేను ఇంకొకరిని చూడలేదు.

"ఆ ఉద్యోగం నీకు ఇష్టమేనా?"

ఆమె కిటికీలోంచి బయటికి చూసింది.

"ఆ ముసలాళ్ళు గంట కొడుతూనే ఉంటారు, ఎవరూ పలకరు. నేను ఆ పై ఉద్యోగంలో ఉంటే పలికించేదాన్ని."

లేచి తీపి టీ పోశాను. ఐసు వేశాను. ఇంకాస్త ఐసు వేశాను.

యాభై రెండేళ్ళకు చదవడం నేర్చుకున్నాను, నేను పనిచేసిన కోళ్ళ ఫ్యాక్టరీలో భోజనాల వేళ సబ్బు పెట్టెల మీది అక్షరాలు కూడబలుక్కుని. అప్పటినుంచి చేతికొచ్చిన ప్రతి కాగితమూ చదువుతాను. ఈ ఇంటి ఒప్పందం రెండుసార్లు చదివాను.

పదిహేడో పేజీలో ఏముందో నాకు తెలుసు.

చెప్పకపోతే వీళ్ళు నా ఎదురుగానే ఉంటారు. చెబితే జీతం పెరుగుతుంది, ఎప్పుడో ఒకరోజు పెరడున్న ఇల్లు కొనుక్కుని వెళ్ళిపోతారు. జూనీ అయితే, ఆ పెరట్లో తిరగబోయే కుక్కకు అప్పుడే పేరు కూడా పెట్టేసింది.

ఇంతకుముందు నేనుండేది ట్రైలర్ పార్కులో, చక్రాల మీది రేకుల ఇళ్ళ వాడలో; ఊరు పెరిగినప్పుడు దాన్ని అమ్మేశారు. వారం తిరక్కుండా అందరం చెల్లాచెదురైపోయాం. ఇరవై ఏళ్ళు నా పక్కనే ఉన్న ఐలా ఎటు వెళ్ళిందో ఈనాటికీ తెలియదు. అడ్రస్ అడగాలని తోచలేదు.

గోడ గడియారం రెండుంబావు. ఆమె గ్లాసు మళ్ళీ నింపాను.

"ఇంత టీ ఎవరు తాగుతారు, మిస్ డెల్మా? నేను వెళ్ళాలి."

రొట్టెల డబ్బా కింద ఉన్న ఒప్పందం తీసి, పదిహేడో పేజీ తిప్పి, వేలు పెట్టాను.

"ఇక్కడ. పైకి చదువు."

"చేరినప్పుడు అర్హత ఉన్నవారు, తరువాత ఆదాయం పెరిగినంత మాత్రాన ఇల్లు ఖాళీ చేయనవసరం లేదు."

మళ్ళీ చదివింది, ఈసారి ఒక్కో మాట కిందా వేలు జరుపుతూ.

"మరి ఈ ముక్క ఎవరూ చెప్పరేం?"

"నలభై పేజీలు ఎవరు చదువుతారే, నాలాంటి పనిలేని ముసలిది తప్ప? పో, ఆఫీసులో అడిగి మరీ వెళ్ళు."

మెట్ల మీద ఆమె అడుగులు దడదడలాడాయి. కాసేపటికి కిందినుంచి కేక.

"నిజమేనట, మిస్ డెల్మా!"

బిల్డింగంతా విని ఉంటుంది. బస్సు డ్రైవర్ తలుపు తెరుచుకున్న చప్పుడైంది.

వద్దని రాసిన కాగితం నా బల్ల మీదే ఉండిపోయింది.

బడి నుంచి జూనీ రోజూలాగే నా దగ్గరికి వచ్చింది. మొక్కజొన్న రొట్టె పెట్టాను. ఆ కాగితాన్ని వెనక్కి తిప్పి, పెన్సిలు చేతికిచ్చాను.

"ఏం రాయాలి?"

"నా అడ్రస్. చూడకుండా రాయడం వచ్చేదాకా."